మూడో విడత కాఫీ

నాకు నోరెక్కువని మా కొండ మీద అందరికీ తెలుసు. మా ఆయన దుకాలె ఆ సంగతి పెళ్ళయిన మొదటి వారంలోనే తెలుసుకుని తన నోరు మూసుకున్నాడు. మా పదిళ్ళ ఆడవాళ్ళు మధ్యాహ్నం కాఫీకి ఎవరింట కూర్చోవాలో, పెళ్ళికి ఎవరు ఎంత వెన్న తేవాలో, చావింట ఎవరు నీళ్ళు మోయాలో చెప్పేది నేనే. నన్నెవరూ చెప్పమనలేదు. కానీ ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ నోటితోనే బొగాలెచ్‌ను ఎనిమిదేళ్ళు వెలివేశాను.

బొగాలెచ్‌ది మా కంచె అవతలి ఇల్లే. ఆమె కోళ్ళు మా పెరట్లో గుడ్లు పెడతాయి, మా దూడ ఆమె పెరట్లో అరటిచెట్లలా ఉండే ఎన్సెట్ ఆకులు మేస్తుంది. ఇద్దరం ఒకే ఏడు ఈ కొండకు కోడళ్ళుగా వచ్చాం. నా పెద్దకొడుక్కి బొడ్డు కోసింది ఆమే. అలాంటి మనిషి ఇంటికి ఎనిమిదేళ్ళు కాఫీకి వెళ్ళలేదు. మా దగ్గర కలిసి కాఫీ తాగని మనిషి ఊళ్ళో ఉన్నా లేనట్టే లెక్క.

ఏం జరిగిందో చెబుతాను. ఎనిమిదేళ్ళ కిందట కాఫీ రైతుల సంఘం వాళ్ళు వచ్చి, పండ్లు కోసినవి కోసినట్టే అమ్మేయకండి, పదిళ్ళవాళ్ళూ ఇంటి దగ్గరే పండును పండుగా ఎండబెట్టి ఇవ్వండి, మీ కొండ పేరుతో విడిగా పంపుతాం అన్నారు. మా కొండ పేరుతో! అంతవరకు మా కాఫీ పెద్ద కుప్పలో కలిసి, ఎవరి పేరుతోనో సముద్రం దాటేది. మూడు వారాలు మంచెల మీద పోసి, పూటకు పదిసార్లు చేత్తో తిరగేసి, పచ్చివీ పుచ్చువీ ఏరి, మిట్టమధ్యాహ్నం ఎండకూ రాత్రి మంచుకూ కప్పి కాపాడుకున్నాం. కన్నబిడ్డల్ని కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు. పదిళ్ళ గింజలూ ఒకచోట కలిపి పంపాం.

రుచి చూసే పెద్దమనిషి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఇందులో మురిగిన ఆకు వాసన ఉంది. గొయ్యి వాసన. నేలరాలిన పండ్లు ఎవరో కలిపారు" అన్నాడు. అంతే, మొత్తం తీసుకెళ్ళి పెద్ద కుప్పలో పోశారు. మా కొండ పేరు అక్కడితో సరి.

నేలరాలిన పండ్లు అందరం ఏరుతాం, ఇంట్లో తాగడానికి. అందరికంటే ఎక్కువ ఏరేది బొగాలెచ్, ఎందుకంటే అందరికంటే తక్కువ చెట్లున్నది ఆమెకే. తెల్లారేసరికి బుట్ట పట్టుకుని చెట్ల కింద వంగి ఉండేది. నేను నా కళ్ళతో చూశాను. చూసింది నా కడుపులో ఆగుతుందా? సంఘం కాఫీ మిల్లు ఆవరణలో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, "తెల్లవారుజామున బుట్టలు పట్టుకుని తిరిగేవాళ్ళని అడగండి" అన్నాను.

బొగాలెచ్ మొహం పాలిపోయింది. "అవి ఇంట్లోకి, వదినా. తాగడానికి ఏరుకున్నవి. ఒక్కటి కూడా మంచె ఎక్కలేదు, నా పిల్లల మీద ఒట్టు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే మరి! నీ పేరు ఎవరెత్తారే?" అన్నాను.

ఆవరణంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్య ఆమె నా వైపు చెయ్యి చూపించి ఇంకేదో అన్నది. దొంగ చెప్పేది వినేదేమిటని నేను మొహం తిప్పుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఆమె ఇంట కాఫీకి ఎవరూ వెళ్ళలేదు, ఆమెను ఎవరూ పిలవలేదు. నేను వద్దని ఎవరికీ చెప్పలేదు సుమా! నేను వెళ్ళలేదు, అంతే. మిగతావాళ్ళు నన్ను చూసి మానేశారు. మూడేళ్ళ తర్వాత ఆమె మొగుడు పోయాడు. చావింటికి వెళ్ళకుండా ఎలా ఉంటాం, వెళ్ళాం. కాఫీ పోశారు. మొదటి విడత అబొల్, రెండోది తోనా, మూడోది బెరెకా. ఆ మూడోదే ఆశీర్వాదం. అది తాగకుండా లేస్తే, ఈ ఇంటికి మా దీవెన లేదని చెప్పినట్టే. మొదటి కప్పు తాగి ముందు లేచింది నేను. నా వెనక ఎనిమిది మందీ లేచారు. బొగాలెచ్ కాఫీ కాచే మట్టి కూజా, జెబెనా, చేతిలో పట్టుకుని, రెండోసారి పొయ్యడానికి వంగినదల్లా అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిని నిద్రపోయాను. ఇంత నీతిమంతురాలిని మరి.

ఆ ఎనిమిదేళ్ళూ మేమెవరం కాఫీ ఎండబెట్టి ఇవ్వలేదు. పండ్లు కోసినవి కోసినట్టు మిల్లులో తూచి పారేసేవాళ్ళం. ఇదిగో, ఈ ఏడు కోతల ముందు సంఘం గుమాస్తా గెల్గెలో మా ఇంటికి వచ్చాడు. మంచి పిల్లాడే, కాకపోతే ఏ మాటైనా కాగితం చూసే చెబుతాడు.

"అక్కా, మళ్ళీ మీ కొండ పేరుతో పంపుదామంటున్నారు. ఈసారి ముందే కలపం. పదిళ్ళవీ విడివిడిగా రుచి చూస్తారు. బాగున్నవే కలుపుతారు."

"తొమ్మిదిళ్ళు" అన్నాను.

"కాగితంలో పది ఉంది కదక్కా."

"కాగితం కాఫీ తాగదు గెల్గెలో. ఆవిడగారి గింజ పడితే ఏమవుతుందో మాకు ఒకసారి తెలిసింది."

కంచె దగ్గర చప్పుడైంది. బొగాలెచ్ అక్కడే నిలబడి అంతా వింటోంది. లోపలికి రాలేదు. ఆమె మా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో! "షితాయె వదినా," అన్నది కంచె అవతలి నుంచే, "నా పిడికెడు గింజలు కూడా చూడనియ్యి. బాగా లేకపోతే ఇంకెప్పుడూ అడగను. డబ్బు కోసం కాదు. నా పిల్లలకి పెళ్ళీడు వస్తోంది. దొంగ పిల్లలని అనిపించుకోకుండా చూడాలి."

నాకు లోపల ఒక ఆలోచన తట్టింది. తట్టిందే తడవుగా మొహం వెలిగిందని కూడా చెప్పాలి. విడిగా చూస్తారు కదా! ఈసారి ఆమె గుట్టు ఆమె గింజే బయటపెడుతుంది. "చూడనీ, మంచిదేగా. ఆవిడ ముచ్చట ఎందుకు కాదనాలి" అన్నాను. బొగాలెచ్ అంత మాటకే నాకు దణ్ణం పెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నా గుండె కోసినట్టుంటుంది.

కోతలయ్యాయి. మంచెలు వేశాం. కప్పడానికి సంఘం అందరికీ ప్లాస్టిక్ పట్టాలు ఇచ్చింది. నా పట్టా దూడ కొట్టం మీదికి పోయింది. పోతే పోయింది, ప్లాస్టిక్ కింద కాఫీకి చెమట పడుతుంది. నా దగ్గర అంతకంటే మంచివి ఉన్నాయి, ఎన్సెట్ పట్టలతో మా అత్త అల్లిన చాపలు. మా ఇంట్లో ఎన్సెట్ కోరి గోతిలో పూడ్చి నెలల తరబడి పులియబెడతామే, ఆ కోచో గోతి మీద మూతగా పరిచి ఉంటాయి. రొట్టెకు గొయ్యి తవ్వి ముద్ద తీయగానే చాపల్ని ఏట్లో ఉతికి నాలుగు రోజులు ఎండేస్తాను. దళసరిగా, చల్లగా ఉంటాయి. ఆ మొదటి ఏడు కూడా వాటితోనే కప్పాను.

"పక్కింట్లో పట్టా అడిగి తేనా?" అన్నాడు దుకాలె. ఏడాదికి ఒక్కసారి నోరు విప్పుతాడు.

"మీ అమ్మ అల్లిన చాపలకంటే ఆ ప్లాస్టిక్ ఎక్కువా నీకు?" అన్నాను. మళ్ళీ మూసుకున్నాడు.

రుచి చూసే రోజున గెల్గెలో మోటార్ సైకిల్ వెనక కూర్చుని యిర్గచెఫె పట్నం వెళ్ళాను. పదిళ్ళ తరపున పెద్దను నేనే కదా. ఒక బల్ల, దాని మీద వరసగా గాజు గిన్నెలు, గిన్నె ముందు అంకె. పేర్లున్న కాగితం గెల్గెలో జేబులో ఉంది. రుచి చూసే అమ్మాయి పేరు మహ్లెత్, రాజధాని అడిస్ నుంచి వచ్చింది. నా ఆఖరి కూతురి ఈడుంటుంది. చెంచాతో తీసి సర్రుమని జుర్రింది. మా అత్త బతికుండి ఆ జుర్రుడు వింటే వీపు విమానం మోత మోగించేది.

"మీరూ చూడండి పెద్దమ్మా" అని నాకో చెంచా ఇచ్చింది.

"కాఫీలోకి ఉప్పు ఏదమ్మా?"

"ఉప్పు ఉండదు."

"పోనీ రెండు ఆకులు? ఇంకా వేగనే లేదు కదే ఇది! పచ్చిగా ఉంది."

"నల్లగా వేయించి ఉప్పూ ఆకూ వెన్నా వేస్తే గింజ రుచి ఎలా తెలుస్తుంది, పెద్దమ్మా? మీరంతా పండిస్తారు కానీ, మీ కాఫీ మీరెప్పుడూ తాగలేదు."

చిన్నపిల్ల, ఎంత మాటన్నది! అయినా జుర్రాను. ఒకటో గిన్నె పుల్లగా ఉంది. రెండోది తియ్యగా ఉంది. ఎనిమిదో గిన్నె దగ్గర ఆగిపోయాను. అది నోట్లో పోసుకోగానే కాఫీ తోట పూసిన రోజు పొద్దున తలుపు తీసినట్టయింది. వెనకే నిమ్మతొక్క, ఆ వెనక తేనె. కాఫీలో ఇలాంటిది ఉంటుందని ఈ వయసు వచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. కానీ అది నాకు పరాయిగా అనిపించింది, పెద్దింటి చుట్టంలా. అంతకుముందు నాలుగో గిన్నె నోట్లో పోసుకున్నప్పుడు మాత్రం ప్రాణం కుదుటపడింది.

"మీకేది బాగుంది?" అన్నది మహ్లెత్.

"ఎనిమిదోది గొప్పగా ఉంది. కానీ నన్నడిగితే ఇదిగో, ఈ నాలుగోది. ఇదమ్మా కాఫీ అంటే! ఇంట్లో కూర్చుని తాగినట్టుంది."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, వేళాకోళం ఆడుతున్నానేమోనని. "ఈ పదింటిలో చెడిపోయింది అదొక్కటే, పెద్దమ్మా. మురిగిన ఆకు వాసన. ఎక్కడో మూసి ఉన్న గొయ్యి తెరిచినట్టు ఉంది. దేంతో కప్పారో కానీ, గింజ ఆ వాసనంతా పీల్చుకుంది."

మురిగిన ఆకు, గొయ్యి. ఎనిమిదేళ్ళ కిందట ఆ పెద్దమనిషి ఉమ్మేసి అన్న మాటలు అవే. చెంచా బల్ల మీద పెట్టేశాను. గెల్గెలో జేబులోంచి కాగితం తీసి చూసి, నా వైపు చూడకుండా మడతపెట్టాడు. నాలుగు నాది. ఎనిమిది బొగాలెచ్‌ది.

బయటికి వచ్చాక వాడు గొంతు తగ్గించి, "అక్కా, నీ సంచి ఎలకలు కొట్టాయని రాస్తాను. మిగతా తొమ్మిదీ వెళ్తాయి. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. నీ మర్యాద నాకు తెలియదా" అన్నాడు.

"అలాగే రాయి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. మంచిదాన్నని మీరు అనుకుంటారేమోనని చెబుతున్నాను.

ఇంటికొచ్చి చాప తీసి ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. ఏటి దాకా వెళ్ళి, మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి చూశాను. ఏమీ లేదు. దుకాలె ముక్కు దగ్గర పెట్టి, "ఏం వాసనొస్తోంది?" అని అడిగాను.

"వాసనేముంది? మనిల్లే" అన్నాడు.

ఈ వాసనలోనే పుట్టాం, ఇదే తిన్నాం, ఇందులోనే పిల్లల్ని కన్నాం. మాకెక్కడ తెలుస్తుంది! ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. చాప కోసం కాదు. మొగుడి శవం లేచిన ఇంట్లో జెబెనా పట్టుకుని వంగి ఉండిపోయిన మనిషి కళ్ళ ముందునుంచి కదలలేదు.

మర్నాడు మిల్లు గోడకు కాగితం అంటించారు. అందరికంటే పైన బొగాలెచ్ పేరు. మధ్యాహ్నం కాఫీ మా ఇంట్లోనే. గడ్డి పరిచాను, గింజలు వేయించాను, వేగిన పొగ అందరి ముందూ తిప్పాను. మొదటి విడత పోశాను. ఎవరూ ఆ మాటెత్తలేదు. రెండో విడత సగంలో జెనెబెచ్ అందుకుంది. జెనెబెచ్ ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటుంది, నేను అనబోయేది నాకంటే ముందు అంటుంది.

"ఎక్కడినుంచి తెచ్చిందో ఆ గింజలు! అవతలి కొండ మీద చెల్లెలుంది కదా. పిడికెడు అక్కడినుంచి పట్టుకొచ్చి ఇచ్చి ఉంటుంది. కుక్క తోక వంకర ఎక్కడ పోతుంది? కదూ షితాయె?"

అందరూ నా వైపు చూశారు. నేను తలూపితే చాలు. నోరు కూడా విప్పక్కర్లేదు, తల ఊపితే చాలు, ఇంకో ఎనిమిదేళ్ళు.

"లేవండి" అన్నాను.

"అదేమిటి, మూడోది?"

"మూడోది ఆవిడింట్లో."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా లేచారు, నేను చెబితే లేవడం అలవాటు కదా. జెబెనా గుడ్డతో పట్టుకుని, కంచె సందులోంచి, కోళ్ళ మధ్యలోంచి బొగాలెచ్ గుమ్మంలోకి వెళ్ళాను. ఆమె జల్లెడ పట్టుకుని బార్లీ చెరుగుతోంది. మమ్మల్ని చూసి గభాలున లేచి, పైట సర్దుకుని, పీటలు వేసింది. కప్పులు కడిగి తెచ్చింది. పది కప్పులు మెరుస్తున్నాయి. వాడని కప్పుల్ని రోజూ కడుగుతూ ఉండి ఉంటుంది.

నేను కూర్చోలేదు. "నాలుగో గిన్నె నాది. చెడిపోయింది నాది. ఆ ఏడు చెడగొట్టింది కూడా నేనే. నా కోచో చాపలు. ఎలకలు లేవు, ఏమీ లేవు. బొగాలెచ్ ఒక్క గింజ కలపలేదు" అన్నాను.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జెనెబెచ్ నవ్వేసి, "పోనిద్దూ షితాయె! ఎప్పటి మాటో. ఇప్పుడవన్నీ తవ్వుకుని ఏం లాభం? కాఫీ చల్లారుతోంది" అన్నది. మిగతావాళ్ళూ అవునవునన్నారు. వాళ్ళకు నా తప్పు అక్కర్లేదు. నాది బయటపడితే నా వెనక లేచిన ఎనిమిది మందిదీ బయటపడుతుంది.

బొగాలెచ్ మాత్రం నా మొహంలోకే చూస్తోంది. "ఆ రోజే చెప్పాను కదా వదినా" అన్నది.

"ఏం చెప్పావు?"

"మిల్లు దగ్గర. అందరూ నవ్వుతుంటే. 'షితాయె, నీ చాపలు వాసన చూసుకో' అన్నాను. మీ మంచె నా కంచె పక్కనే కదా, పొద్దున్నే మూత తీస్తే నాకు తెలిసేది. నేను పుట్టింది ఇంకా ఎత్తున ఉన్న ఊళ్ళో, మా పుట్టింట్లో కోచో తినేవాళ్ళు కాదు. ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుస్తుంది."

నేను జెనెబెచ్ వైపు తిరిగాను. ఆమె గడ్డిపరక ఒకటి తీసి తుంచుతోంది. "అన్నది" అన్నది తలెత్తకుండా. "అన్నట్టే గుర్తు. కసితో అంటోందనుకున్నాం."

తన కంపు తనకింపు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒకరిది ఒకరికి ఇంపై, అందరం కలిసి ఒక్క మనిషిని కంపన్నాం.

ఇంక మాట్లాడటానికి ఏముంది? కూర్చుని పోశాను. అందరి కప్పులూ నింపి, ఆఖరున బొగాలెచ్ కప్పు దగ్గరికి జెబెనా వంచాను. ఆమె కప్పు మీద అరచెయ్యి పెట్టింది. నెమ్మదిగా, కోపం లేకుండా పెట్టింది. రెండు చుక్కలు వేళ్ళ మీద పడ్డాయి, అయినా చెయ్యి తియ్యలేదు.

"మొదటి రెండు విడతలూ మీ ఇంట్లో మీరే తాగి వచ్చారు. నాకు మొదటిది ఎవరూ పొయ్యలేదు వదినా. మొదటిది లేకుండా మూడోది ఎలా తాగను?" అన్నది. "మీరు తాగండి. కడిగి తెచ్చిన కప్పులు, వృథా పోకూడదు."

తాగాం. ఆమె చూస్తూ ఉంటే తాగాం. మా కాఫీ జీవితంలో అంత చేదుగా ఎప్పుడూ అనిపించలేదు. జెనెబెచ్ కూడా ఉప్పు అడగలేదు.

చాపలు ఆ సాయంత్రమే తగలబెట్టాను. మా కొండ పేరుతో తొమ్మిదిళ్ళ కాఫీ వెళ్ళింది, నాది పెద్ద కుప్పలో కలిసింది. ఆడవాళ్ళు ఇప్పుడు బొగాలెచ్ ఇంట్లోనే ఎక్కువగా కూర్చుంటున్నారు. ఆమె నన్ను పిలవకుండా ఉండదు. కంచె దగ్గర నిలబడి, "వదినా, కాఫీ" అని నోరారా పిలుస్తుంది. వెళతాను. మొదటి విడత నా కప్పులో నిండుగా పోస్తుంది, రెండోదీ పోస్తుంది. మూడో విడతకు జెబెనా జెనెబెచ్ చేతికిచ్చి, కోళ్ళను చూసి వస్తానని లేచి వెళ్ళిపోతుంది.